ఇరవై మూడేళ్లకే కణతలు ఖాళీ అవుతున్నాయి: ఏ వైద్యం చేయించుకోవాలి?

గౌతమీతీరం:

సభ్యులందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్లు. మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లెటూరు. ఏడాదిన్నరగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ గచ్చిబౌలిలో హాస్టల్లో ఉంటున్నాను. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మ తలకు నూనె రాస్తూ, రెండు కణతల దగ్గరా వేలు ఆనించి, "ఇక్కడ ఇంత వెడల్పు ఎప్పుడయిందిరా?" అని అడిగింది. అంతవరకు నేను గమనించనేలేదు. డిగ్రీ చివరి రోజు తీసిన ఫోటోను, నిన్న తీసుకున్న ఫోటోను పక్కపక్కన పెట్టి చూస్తే నుదురు రెండు వైపులా వేలెడు వెనక్కి జరిగింది. నడినెత్తి మీద ట్యూబులైటు వెలుతురులో చర్మం కనబడుతోంది. హెల్మెట్ తీసిన ప్రతిసారీ లోపలి గుడ్డకు అయిదారు వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. వాటిలో కొన్ని చిటికెనవేలి గోరంత పొడవు కూడా ఉండవు.

బోరు నీళ్ల వల్లేనని గదిలో వాళ్లు అంటారు, హెల్మెట్ వల్లేనని ఆఫీసులో వాళ్లు అంటారు. రెండు నెలలు ఉల్లిపాయ రసం రాశాను. జుట్టులో మార్పేమీ రాలేదు గానీ, పక్క మంచం అబ్బాయి గది మారిపోయాడు. మా నాన్నగారికి ముప్పై అయిదేళ్లకే బట్టతల వచ్చింది, మేనమామలు ముగ్గురిలో ఇద్దరిదీ అదే పరిస్థితి. పోయిన వారం ఒక క్లినిక్కుకు వెళితే, డాక్టరును చూపించకుండానే తల మీద కెమెరా పెట్టి, కౌన్సెలరు అనే ఆవిడ ఏడాది ప్యాకేజీ గురించి చెప్పారు. అది నా మూడు నెలల జీతం. ఆ రోజే కడితే సగానికి సగం తగ్గిస్తామన్నారు. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను. నిజంగా పనిచేసే వైద్యం ఏది, ఎంత కాలం వాడాలి, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

వేపచెట్టు:

బాబూ, నేను తెనాలి వైపు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా కాలంలో వారానికి రెండుసార్లు గుంటగలగర ఆకు వేసి కాచిన నూనెతో తలంటి, కుంకుడుకాయ రసంతో రుద్దేవారు. ఇరవైల్లో బట్టతల ఉన్నవాడిని మా తరగతిలో నేను చూడలేదు. ముందు తిరుమల వెళ్లి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి రా. గుండు తరువాత వచ్చే జుట్టు ఒత్తుగా వస్తుంది. మందుల జోలికి వెళ్లడం ఆ తరువాతి మాట.

సాగరతీర_వైద్యురాలు:

నేను విశాఖలో చర్మవ్యాధుల వైద్యురాలిని. చూడకుండా నిర్ధారణ చేయలేను, కనుక ఇక్కడ రాసేది వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు మీకు పనికివచ్చే సమాచారంగా మాత్రమే తీసుకోండి.

"జుట్టు రాలుతోంది" అనే ఒక్క మాట కింద నా దగ్గరకు రెండు వేర్వేరు సమస్యలు వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. టైఫాయిడ్, డెంగీ, ఆపరేషన్, కఠినమైన ఉపవాసం, తీవ్రమైన దిగులు వంటివి శరీరాన్ని కుదిపినప్పుడు చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళతాయి. ఆ దశ సుమారు మూడు నెలలు ఉంటుంది గనుక, జ్వరం తగ్గి, దాన్ని అందరూ మరచిపోయాక గుప్పెళ్లతో జుట్టు ఊడుతుంది. చూడటానికి ఇది భయంకరంగానే ఉంటుంది, కానీ కారణం తొలగిపోతే చాలావరకు తనంతట తానే తిరిగి వస్తుంది.

మీరు వివరించింది అది కాదనిపిస్తోంది. హెల్మెట్‌లో మీకు దొరికిన ఆ పొట్టి, సన్నని వెంట్రుకలే అసలు ఆనవాలు. మగవారి బట్టతలలో వెంట్రుక హఠాత్తుగా ఊడిపోదు, ఒక్కో విడతకూ సన్నబడుతుంది, పొట్టిదవుతుంది, చివరికి నూగుగా మిగులుతుంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను, పుట్టుకతోనే దానికి లొంగే స్వభావం ఉన్న కుదుళ్లను ఇలా కుంచింపజేస్తుంది. కణతల దగ్గర, నడినెత్తి మీద ఉన్న కుదుళ్లు లొంగుతాయి, చెవుల పైన, వెనక మెడ దగ్గర ఉన్నవి లొంగవు. తాతగార్ల తల చుట్టూ ఆ జుట్టు ఎనభై ఏళ్లకూ నిలిచి ఉండటానికి కారణం అదే. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు, యవ్వనానికి ముందే వృషణాలు కోల్పోయిన పురుషులకు బట్టతల రావడం లేదని, వారికి టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు కుటుంబంలో బట్టతల ఉన్నవారికి జుట్టు పలచబడుతోందని చూపించాడు. అంటే హార్మోను ఉంటే చాలదు, వంశపు గుణం కూడా కలవాలి.

మేనమామ పోలిక అనే మాటలో కొంత నిజముంది. ఈ హార్మోనుకు స్పందించే గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అబ్బాయికి అది తల్లి నుంచే వస్తుంది. అయితే ఇంకా ఎన్నో జన్యువులు తండ్రి వైపు నుంచి కూడా వస్తాయి కనుక నాన్నగారిని లెక్కలోంచి తీసేయలేం. బోరు నీరు వెంట్రుకను గరుకుగా, పెళుసుగా చేయవచ్చు గానీ కణతలను ఖాళీ చేయదు. హెల్మెట్‌దీ అంతే, లోపలి గుడ్డ ఉతుక్కుంటూ ఉండండి, తీసి మాత్రం బండి నడపకండి.

మాస్టారూ, గుండు విషయం మా ఇంట్లో కూడా నమ్ముతారు. కత్తి చర్మం పైనున్న వెంట్రుకనే కోస్తుంది, కుదురును తాకదు. కోసిన మొన మొద్దుగా ఉండటం వల్ల కొత్త జుట్టు గరుకుగా, ఒత్తుగా అనిపిస్తుంది. మొక్కు ఉంటే నిశ్చింతగా తీర్చుకోవచ్చు, దాన్ని వైద్యంలో మాత్రం కలపకూడదు.

మందులకొట్టు_హనుమకొండ:

మాకు హనుమకొండలో మెడికల్ షాపు ఉంది. బట్టతల మందుల కోసం వచ్చే కుర్రవాళ్లు షాపులో ఇంకెవరూ లేని సమయం చూసుకుని వచ్చి, ఫోను తెర మీద పేరు చూపించి, నోటితో పలకకుండా కొనుక్కుని వెళతారు. చాలామంది వద్ద చీటీ ఉండదు. స్నేహితుడు వాడుతున్నాడు కనుక తనకూ ఇమ్మంటారు. బట్టతలకు మింగే బిళ్ల ఫినాస్టెరైడ్ డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందు, అందుకే అడిగినవారిని తిప్పి పంపుతాను. వాళ్లు పక్క వీధికి వెళతారని నాకూ తెలుసు.

ఇంకొక సంగతి. తలకు రాసుకునే మందు మినాక్సిడిల్ 5 శాతం ఇస్తే, 10 శాతం అయితే రెట్టింపు జుట్టు వస్తుంది కదా అని అడుగుతారు. రెట్టింపు వచ్చేది దురద. జుట్టుకు మంచిదని కొనే బయోటిన్ అనే విటమిన్ బిళ్లలైతే పప్పుబెల్లాల్లా అమ్ముడవుతున్నాయి. మన తిండి తినేవారికి బయోటిన్ లోపం చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదులో వాడుతూ రక్తపరీక్షకు వెళితే థైరాయిడ్ ఫలితాలు, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ ఫలితాలు తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. ల్యాబుకు వెళ్లేవారు ఆ బిళ్లల సంగతి ముందే చెప్పాలి.

డాలస్‌లో_తెలుగువాడు:

తమ్ముడూ, నేను 26 ఏళ్ల వయసులో మొదలుపెట్టాను, ఇప్పుడు 34. మినాక్సిడిల్ 5 శాతం ద్రావణం రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఒక మిల్లీలీటరు వాడతాను. మొదట్లో నేను చేసిన తప్పు, దాన్ని జుట్టుకు రాయడం. అది చర్మానికి చేరాలి. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, పాపిట మీద చుక్కలు వేసి, వేలి కొసతో అద్ది, వెంటనే చేతులు కడుక్కోవాలి. పడుకునే ముందు రెండు గంటలైనా ఆరనివ్వకపోతే మందు దిండుకు పోతుంది, దిండు నుంచి ముఖానికి వస్తుంది.

మొదలుపెట్టిన నాలుగో వారంలో జుట్టు మునుపటి కంటే ఎక్కువగా రాలింది. అది తాత్కాలికమని, పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయని ఎవరూ ముందుగా చెప్పలేదు. భయపడి మానేశాను. ఆరు నెలలు వృథా అయ్యాయి. రెండోసారి మొదలుపెట్టి ఓపిక పట్టాక, అయిదో నెలలో నడినెత్తి మీద తేడా తెలిసింది. కణతల దగ్గర ఆశించినంత రాలేదు. నాలుగేళ్ల తరువాత బాగానే ఉంది కదా అని ఆపి చూశాను, నాలుగైదు నెలల్లో వచ్చినదంతా పోయింది. ఇది పళ్లు తోముకోవడం లాంటి పని, మానేస్తే అంతటితో సరి.

ఇంట్లో చంటిపిల్లలుంటే మందు రాసిన తలను వారికి తగలనివ్వకండి. తండ్రులు వాడే మినాక్సిడిల్ తగిలి శిశువుల ఒంటి మీద వెంట్రుకలు పెరిగిన సందర్భాలున్నాయని ఐరోపా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మా పాప పుట్టాక నేను రాత్రి మోతాదును సాయంత్రానికి మార్చుకుని, ఆరిన తరువాతే ఎత్తుకునేవాడిని. ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లిని పెంచుతారు. పిల్లులకు ఈ మందు కొద్దిగా అంటినా ప్రాణాంతకం.

అనుమానపక్షి:

అందరూ రాసుకునే మందు గురించే చెబుతున్నారు. అసలు భయం మింగే మందు గురించి. ఫినాస్టెరైడ్ వాడితే మగతనం పోతుందని, మానేసినా తిరిగి రాదని వీడియోల్లో చెబుతున్నారు. పెళ్లి కావలసిన కుర్రవాడికి దీన్ని సూచించడం ఎంతవరకు సబబు? వైద్యులు ఈ ప్రశ్నను నవ్వి దాటేస్తారని నా అనుభవం.

సాగరతీర_వైద్యురాలు:

నవ్వి దాటేసే ప్రశ్న కాదండీ. నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

ఈ మందు పుట్టుకే విచిత్రమైనది. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల్లో, టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైము పుట్టుకతోనే లోపించిన మగపిల్లలు ఉండేవారు. వీరిని గురించి 1974లో శాస్త్రపత్రం వెలువడింది. పెద్దయ్యాక వారికి ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండేది, బట్టతల వచ్చేది కాదు. ఆ ఎంజైమును అడ్డుకునే మందు కోసం జరిగిన అన్వేషణలోంచి ఫినాస్టెరైడ్ వచ్చింది. 1992లో ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల బిళ్లగా, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము బిళ్లగా అమెరికాలో అనుమతి పొందింది. మినాక్సిడిల్‌ది కూడా దాదాపు ఇదే కథ. అది మొదట రక్తపోటు బిళ్ల, వాడినవారి ముఖాన, చేతుల మీద వెంట్రుకలు మొలవడం చూసి 1988లో తలకు రాసే మందుగా తెచ్చారు.

ఫినాస్టెరైడ్ రక్తంలోని డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. రెండేళ్ల పరీక్షల్లో ఈ మందు వాడినవారిలో 83 శాతం మందికి నడినెత్తి మీద వెంట్రుకల సంఖ్య తగ్గకుండా నిలిచింది, పోల్చి చూడటానికి ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి బిళ్ల వాడినవారిలో 28 శాతం మందికే నిలిచింది. దుష్ప్రభావాల లెక్క కూడా ఆ పరీక్షల్లోనే ఉంది. కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం, వీర్యం తగ్గడం, వీటిలో ఏదో ఒకటి మందు వాడినవారిలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ల వాడినవారిలో 2.1 శాతం మందికి కనిపించింది. చాలామందికి మందు ఆపాక తగ్గిపోయింది. ఆపినా తగ్గలేదని చెప్పేవారు ఉన్నారు, వారి మాటను అబద్ధమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. 2025లో ఐరోపా నియంత్రణ సంస్థ, ఆత్మహత్య ఆలోచనలను ఈ బిళ్ల దుష్ప్రభావాల్లో ఒకటిగా నిర్ధారించింది. అందుకే మందు రాసే ముందు నిద్ర, దిగులు, పాత మానసిక చికిత్స గురించి తప్పక అడుగుతాను. ఇప్పటికే కుంగుబాటులో ఉన్న కుర్రవాడికి దీన్ని రాయను.

ఇక సబబా అన్న ప్రశ్న. నూటికి ఇద్దరికి అదనంగా వచ్చే ఇబ్బందిని చూసి తొంభై ఎనిమిది మందికి మందు లేదనడం న్యాయం కాదు, ఆ ఇద్దరికి ముందుగా చెప్పకపోవడమూ న్యాయం కాదు. రాసి ఇచ్చేటప్పుడు దీన్ని పూర్తిగా చెప్పని వైద్యుడిని మార్చుకోండి. డ్యుటాస్టెరైడ్ అనే ఇదే కోవ మందు ఇంతకంటే బలమైనది, దక్షిణ కొరియా, జపాన్ దేశాల్లో బట్టతలకు దానికి అనుమతి ఉంది, కానీ శరీరంలో నెలల తరబడి ఉండిపోతుంది కనుక 23 ఏళ్ల వారికి నా మొదటి ఎంపిక కాదు. పీఆర్‌పీ (మన రక్తంలోని ప్లేట్‌లెట్లనే వేరుచేసి తలలోకి ఎక్కించే) ఇంజెక్షన్ల వల్ల కొందరికి ప్రయోజనం కనబడుతుంది, అయితే తయారీ పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అందువల్ల వీటిని అసలు మందులకు తోడుగానే చూస్తాను.

రెండోసారి_కోత:

క్లినిక్కు ప్యాకేజీ మాట వచ్చింది కనుక నా కథ కూడా రాస్తున్నాను. 22 ఏళ్లకు, పెళ్లిచూపులకు ముందు, నెల జీతాలు కూడబెట్టి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాను. నుదుటి గీత ఎంత కిందికి కావాలని అడిగితే, పదో తరగతి ఫోటో చూపించాను. వద్దని చెప్పవలసిన మనిషి, పెన్నుతో అక్కడే గీశాడు. ఆ రోజు నా తలలో కుదుళ్లు నాటింది డాక్టరు కాదని నాకు తరువాత తెలిసింది.

నాటిన జుట్టు బాగానే వచ్చింది. అది వెనక మెడ నుంచి తీసినది కనుక రాలదు. కానీ మందులు వాడమని ఎవరూ గట్టిగా చెప్పలేదు, దాని వెనకున్న నా సొంత జుట్టు రాలుతూనే పోయింది. 27 ఏళ్లు వచ్చేసరికి ముందు ఒక గట్టు, దాని వెనక ఖాళీ మైదానం, ఆ వెనక మళ్లీ జుట్టు. టోపీ లేకుండా ఫోటో దిగలేదు. రెండో ఆపరేషన్‌లో కొంత సరిచేశారు, కానీ వెనక నుంచి తీయగల కుదుళ్లు మనిషికి పరిమితంగానే ఉంటాయి. నా ఖాతాలో మిగిలినవి ఇప్పుడు చాలా తక్కువ.

ఈ ఆపరేషన్ ఎవరు చేయాలో జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన వైద్యులే చేయాలి, వర్క్‌షాపులకు వెళ్లి చూసి వస్తే సరిపోదని అందులో ఉంది. గౌతమీతీరం గారూ, ఆ కౌన్సెలరు గారిని డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఆ రోజే కట్టాలన్న తగ్గింపు ఏమవుతుందో చూద్దురు గాని.

సాగరతీర_వైద్యురాలు:

దీనికి ఒక్క మాట కలుపుతాను. ఇరవైల మొదట్లో ఉన్నవారికి ట్రాన్స్‌ప్లాంట్ వద్దని చాలామంది సర్జన్లు చెప్పడానికి కారణం, ఆ వయసులో బట్టతల ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియకపోవడమే. మగవారి బట్టతల ఎంతవరకు వచ్చిందో చెప్పే నార్వుడ్ కొలమానంలో ఏడు మెట్లు ఉన్నాయి. మూడో మెట్టు దగ్గర నాటిన తల, పదేళ్లకు ఆరో మెట్టు చేరితే ఈ మిత్రుడు చెప్పిన గట్టే మిగులుతుంది. కనీసం ఏడాది మందులు వాడి, పరిస్థితి నిలకడగా ఉందని తెలిశాకే ఆ ఆలోచన చేయాలి.

వేపచెట్టు:

వైద్యురాలు గారు చెప్పినది శ్రద్ధగా చదివాను. గుండు విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నాను. అయితే ఒక సందేహం. మా ఊళ్లో ఒకాయనకు తల మీద రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతే, గురివింద గింజ అరగదీసి రాశారు. రెండు మూడు నెలల్లో నా కళ్లముందే జుట్టు వచ్చింది. దాన్ని ఏమంటారు?

సాగరతీర_వైద్యురాలు:

మాస్టారూ, అది పేనుకొరుకుడు. పేరులో పేను ఉంది గానీ, దానికి పేలకు సంబంధం లేదు. శరీరపు రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. ఒకటి రెండు చిన్న మచ్చలైతే చాలామందిలో కొన్ని నెలల్లో తమంతట తామే పూడుకుపోతాయి. ఆ సమయంలో తల మీద ఏది రాసి ఉంటే దానికి పేరు వస్తుంది. గురివింద గింజలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది, ఒరిసిపోయిన చర్మం మీద రాయడం ప్రమాదం. మీరు చూసినది నిజమే, కారణమే వేరు. మగవారి బట్టతల అలా తనంతట తాను వెనక్కి మళ్లదు గనుక, అదే గింజ అక్కడ ఓడిపోతుంది.

మందులకొట్టు_హనుమకొండ:

నూనెల ప్రకటనల గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. మన ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. అందులోని జబ్బులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ఆ జాబితాలో బట్టతల ఉంది, కొత్త జుట్టు మొలిపించడం కూడా ఉంది. ఈసారి "21 రోజుల్లో" అనే సీసా కనబడినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

నున్నగా_హాయిగా:

నేను 25 ఏళ్లకు మందులు మొదలుపెట్టి, రెండేళ్లు వాడి, విసుగు వచ్చి మానేసి, వారానికి రెండుసార్లు గీసుకుంటున్నాను. మూడు సంబంధాలు తల చూసి తప్పిపోయాయి. నాలుగో అమ్మాయి, పెళ్లి ఫోటోల్లో విగ్గు పెట్టుకోమని మా పెద్దమ్మ అంటుంటే, వద్దని తానే చెప్పింది. వైద్యం చేయించుకోకపోవడం కూడా ఒక దారేనని ఎవరైనా రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు గనుక నేను రాశాను.

గౌతమీతీరం (ఎనిమిది నెలల తరువాత):

అందరికీ మళ్లీ నమస్కారం. ఆలస్యానికి క్షమించండి, చెప్పడానికి ఏదైనా ఉన్నాకే రాద్దామనుకున్నాను. ప్యాకేజీ కట్టలేదు. ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకున్నాను. అక్కడి డాక్టరు గారు నా తలలో అయిదారు చోట్ల యాభై అరవై వెంట్రుకల చొప్పున వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి చూశారు, రెండు మూడుకు మించి రాలేదు. తరువాత చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపు పెట్టి, పక్కపక్కనే లావు వెంట్రుక, సన్న వెంట్రుక కలిసి ఉండటం నాకు చూపించారు. మగవారి బట్టతలేనని, మూడో మెట్టు అని చెప్పారు. రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువగా వస్తే దానికి వేరే మందు ఇచ్చారు, అది జుట్టు కోసం కాదని కూడా చెప్పారు.

మినాక్సిడిల్ రెండు పూటలా, ఫినాస్టెరైడ్ రోజుకొకటి వాడుతున్నాను. అయిదో వారంలో రాలడం పెరిగినప్పుడు డాలస్ అన్న రాసిన మాట గుర్తు చేసుకుని ఆగాను. నెలకొకసారి అదే ట్యూబులైటు కింద, అదే గోడ ముందు ఫోటో తీస్తున్నాను. నడినెత్తి మీద చర్మం కనబడటం తగ్గింది. కణతలు ఉన్నచోటే ఉన్నాయి, ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు. మొన్న దసరాకు అమ్మ మళ్లీ వేలు ఆనించి చూసి, ఏమీ అనకుండా నూనె రాసింది.

ఒక సందేహం అడగడానికే నిజానికి ఈ రోజు రాస్తున్నాను. వచ్చే వారం మా ఆఫీసులో రక్తదాన శిబిరం ఉంది. ఫారంలో వాడుతున్న మందులు రాయమన్నారు. ఫినాస్టెరైడ్ వాడుతూ రక్తం ఇవ్వవచ్చా?

మందులకొట్టు_హనుమకొండ:

ఇవ్వకూడదు బాబూ. ఆ రక్తం గర్భిణికి ఎక్కిస్తే కడుపులోని మగబిడ్డ జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. చివరి బిళ్ల వేసుకున్నాక కనీసం ఒక నెల గడవాలి, డ్యుటాస్టెరైడ్ అయితే ఆరు నెలలు. శిబిరం కోసమని మందు ఆపకండి. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి, ఈసారికి వాళ్లే పక్కన పెడతారు.